మళ్లీ పోవాల్నా, ఇక్కడే ఉండాల్నా?

(రాత్రి కేంద్రంలో చేసిన ప్రసంగం)



ఈ నెల మన ఊళ్లె ఏ వాడకు పోయినా ఒక ఇంటి ముందర కొత్త చెప్పులు కనిపిస్తున్నయి. దుబాయి నుంచి, సౌదీ నుంచి సెలవు మీద వచ్చినోళ్లవి అవి. వచ్చిన వారం రోజులు సంబురమే. చుట్టాలు వస్తరు, పోతరు. తరువాత ఇంట్లో ఒక మాట మొదలయితది. “మళ్లీ పోతవా? పోతే అదే కంపెనీకా, వేరే దానికా? ఇక్కడే ఉంటవా?”

ఈ మాట మీద ఇండ్లల్లో అన్నం ముద్ద దిగదు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

1970ల నుంచి మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం గల్ఫ్‌కు పోతున్నరు. అంతకు ముందు బొంబాయి, భీవండి పోయేవాళ్లు. 1973లో చమురు ధర పెరిగింది. ఆ దేశాలకు పైసలు వచ్చినయి. రోడ్లు వేసేటందుకు, మేడలు కట్టేటందుకు వాళ్లకు మనుషులు కావలసి వచ్చింది. ఇక్కడ చూస్తే బోర్లు ఎండిపోయినయి. మన మనుషులు విమానం ఎక్కిన్రు. 2016లో జిల్లాలు విడిపోయినయి. ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ అని పిలుస్తున్నం. పేరు మారింది గాని పోవుడు ఆగలేదు.

నేను కూడా పోయిన. 2003లో. ఏజెంటు నెలకు 900 దిర్హంలు అన్నడు. బొంబాయిలో విమానం ఎక్కే రోజు చేతిలో కాగితం పెట్టిండు. నేను వేలిముద్ర వేయలేదు. సంతకమే పెట్టిన. కానీ చదవలేదు. అందులో 600 అని ఉన్నది. ఆ అంకె నాకు వచ్చు. చూడలేదు, అంతే. నాలుగేండ్లు ఆ 600 మీదనే పనిచేసిన.

మన కేంద్రంలో చదువుకున్న ఒక చెల్లె మొన్న మా ఇంటికి వచ్చింది. బీడీలు చుడుతది. ఆమె భర్త ఆరేండ్లుగా దుబాయిలో ఒక కంపెనీలో పనిచేస్తున్నడు. రెండు నెలల సెలవు మీద వచ్చిండు. ఆమె తన సంచిలోంచి ఒక కాగితం తీసింది.

“అన్నా, ఇది ఆయన ఒప్పందం కాగితమట. ఇంగ్లీషు నాకు రాదు. అంకెలు చదివిన. ఒక తావుల 600 ఉన్నది, ఒక తావుల 400 ఉన్నది, కింద 1000 ఉన్నది. ఆయన జీతం 1000 అంటడు. మరి ఈ 600 ఏంది?”

ఎంత మంచి ప్రశ్న! ఆరేండ్లలో ఆయన అడగని ప్రశ్న అది.

600 అనేది మూల జీతం. బేసిక్ అంటరు. 400 అనేది తిండికి, ఇతర ఖర్చులకు ఇచ్చే భత్యం. రెండూ కలిపితే 1000. నెలనెలా చేతికి వచ్చేది 1000 గనుక ఈ తేడా మనకు కనిపించదు. ఎప్పుడు కనిపిస్తది? పని విడిచిపెట్టే రోజు కనిపిస్తది.

దుబాయి ఉన్న దేశం పేరు యూఏఈ. అక్కడి చట్టం ప్రకారం కంపెనీలో ఏడాది నిండిన కార్మికుడు పని విడిచిపెడితే గ్రాట్యుటీ ఇవ్వాలె. మొదటి అయిదేండ్లకు ఏడాదికి 21 రోజుల జీతం. అయిదేండ్లు దాటినంక ప్రతి ఏడాదికి 30 రోజుల జీతం. ఈ లెక్క మూల జీతం మీదనే కడతరు. ఇండ్లల్లో పనిచేసేవాళ్ల లెక్క వేరు.

మేము ముగ్గురం పలక మీద లెక్క వేసినం. మూల జీతం 600 అంటే రోజుకు 20. ఇరవై ఒక్క రోజులకు 420. అయిదేండ్లకు 2100. ఆరో ఏడాదికి 600. మొత్తం 2700 దిర్హంలు. దిర్హానికి 23 రూపాయల చొప్పున చూస్తే 62,100 రూపాయలు. మూల జీతం 1000 అని రాసి ఉంటే అదే మనిషికి 4500 దిర్హంలు, అంటే 1,03,500 రూపాయలు వచ్చేవి. ఒక్క అంకెతో 41 వేలు తక్కువ అయినయి.

ఆ చెల్లె చాలాసేపు మాట్లాడలేదు. “62 వేలకు నేను ఎన్ని బీడీలు చుట్టాలె” అన్నది.

ఆయన అప్పటి దాకా ఏమనుకున్నడంటే, “ఇక పోను. సెలవు మీద వచ్చిన గదా, ఇట్లనే ఉండిపోత” అని. రెండెకరాలున్నది. పసుపు వేసుకుందామని ఆయన ఆలోచన. ఆలోచన తప్పు కాదు. కానీ సెలవు మీద వచ్చి ఇక్కడనే ఉండిపోతే అక్కడి లెక్క అక్కడనే ఉండిపోతది. ఇక్కడ కూర్చొని ఆ పైసలు తెచ్చుకోవడం బహు కష్టం. 2020లో కరోనా వచ్చినప్పుడు చూసినం గదా. ఎంతోమంది బాకీ జీతం, గ్రాట్యుటీ విడిచిపెట్టి విమానం ఎక్కి వచ్చిన్రు. అక్కడ ఉన్న మనిషికి అధికార పత్రం రాసిచ్చి అడిగించవచ్చు. అది చేసినవాళ్లు తక్కువ.

విడిచిపెట్టాలని ఉంటే తిరిగి పోయి, రాతమూలకంగా నోటీసు ఇయ్యాలె. యూఏఈలో నోటీసు 30 రోజులకు తక్కువ ఉండదు, 90 రోజులకు ఎక్కువ ఉండదు. ఎన్ని రోజులో ఒప్పందంలో రాసి ఉంటది. నోటీసు రోజులు పనిచేసి, లెక్క తీసుకొని రావాలె. “పైసలన్నీ ముట్టినయి” అన్న కాగితం మీద పైసలు చేతికి వచ్చినంకనే సంతకం పెట్టాలె.

సౌదీ లెక్క ఇంకో తీరు. అక్కడ మొదటి అయిదేండ్లకు ఏడాదికి సగం నెల జీతం. తరువాత ఏడాదికి ఒక నెల జీతం. కానీ మనంతట మనం రాజీనామా చేస్తే అది పూర్తిగా రాదు. రెండేండ్లు నిండకముందు విడిచిపెడితే ఏమీ రాదు. రెండు నుంచి అయిదేండ్ల లోపల మూడో వంతు. అయిదు దాటితే మూడింట రెండు వంతులు. పదేండ్లు నిండితే పూర్తిగా. 1200 రియాళ్ల మనిషి నాలుగేండ్లకు రాజీనామా ఇస్తే 800 రియాళ్లు వస్తయి. అయిదున్నర ఏండ్లకు ఇస్తే 2400 వస్తయి. కోపం వచ్చిన రోజున కాగితం రాయకుండా కేలండర్ చూసి రాస్తే అంత తేడా. మరీ కొట్టి, తిట్టి, జీతం ఆపితే కేలండర్ చూడమని నేను అనను. అప్పుడు మన ఎంబసీకి పోవాలె.

ఇక మూడో దారి, కంపెనీ మారడం. ఆ తమ్మునికి ఒక ఏజెంటు తగిలిండు. “అదే దుబాయిలో వేరే కంపెనీ. నెలకు 1400. లక్షన్నర కట్టు” అన్నడు. 400 దిర్హంలు ఎక్కువ. అంటే నెలకు 9,200 రూపాయలు ఎక్కువ. ఎవరికి ఆశ పుట్టదు?

మళ్లీ పలక తీసినం. లక్షన్నర ఎక్కడిది? నూటికి మూడు రూపాయల మిత్తికి తేవాలె. మొదటి నెల మిత్తే 4,500. పెరిగిన 9,200 మొత్తం అప్పుకే కట్టుకుంటూ పోతే ఎప్పుడు తీరుతది? 23 నెలలకు. ఒప్పందం రెండేండ్లు, అంటే 24 నెలలు. పెరిగిన జీతంలో ఇంటికి మిగిలేది చివరి ఒక్క నెలది! అది కూడా ఏజెంటు చెప్పిన 1400 నిజమయితేనే. కాగితంలో 1000 ఉంటే ఏ నెలదీ మిగలదు.

మన ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవలసిన ఫీజు 30 వేలకు మించకూడదు. దాని మీద జీఎస్టీ 5,400. మొత్తం 35,400. రసీదు ఇయ్యాలె. ఆ పైసలే అప్పు తెస్తే అయిదో నెలకు తీరిపోతది. అందుకే ఏజెంటును మొదట అడగవలసింది “నీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?” అని. 1983 వలస చట్టం ప్రకారం ఆ నంబరు లేనివాడు మనుషులను పంపరాదు. మన తమ్ముడు ఫోన్లో అడిగిండు. అవతలి మనిషి ఫోను పెట్టేసిండు.

ఏజెంటు లేకుండ కూడా కంపెనీ మారవచ్చు. యూఏఈలో ఉండి, నోటీసు ఇచ్చి, వేరే కంపెనీలో చేరవచ్చు. కొత్త పర్మిట్ ఖర్చు కంపెనీదే. కార్మికుని దగ్గర వసూలు చేయరాదని అక్కడి చట్టం. ఖతర్‌లో 2020 నుంచి పాత యజమాని ఒప్పుకోలు కాగితం లేకుండానే మారవచ్చు. నోటీసు మాత్రం ఇయ్యాలె. రెండేండ్ల లోపు పనిచేస్తే ఒక నెల, అంతకు మించితే రెండు నెలలు. సౌదీలో 2021 మార్చి నుంచి, ఏడాది పనిచేసినంక మారనిస్తున్నరు. అయితే ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, గొర్ల కాపరులకు ఆ మార్పు వర్తించలేదు. మనవాళ్లలో ఆ పనులకు పోయేవాళ్లు తక్కువేం లేరు. వీసా మీద ఏ పని పేరు రాసి ఉన్నదో ముందే చదివించుకోవాలె.

నోటీసు లేకుండ, రాత్రికి రాత్రి కంపెనీ విడిచి పోతే? దాని పేరు మీకు తెలుసు. ఖల్లివెల్లి. మొదట బయట ఎక్కువ కూలి దొరుకుతది, నిజమే. జ్వరం వస్తే దవాఖానకు పోను భయం. పోలీసు కనబడితే భయం. తల్లి చచ్చిపోయినా రాలేడు. 2007లో, 2012లో, 2018లో, 2024లో యూఏఈ క్షమాభిక్ష పెట్టింది. ప్రతిసారీ మనవాళ్లు ఔట్‌పాస్ పట్టుకొని బయటపడ్డరు. మళ్లీ క్షమాభిక్ష ఎప్పుడు వస్తదో ఎవరు చెప్పగలరు?

ఇంకో మాట. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ దేశాలకు పనికి పోతే ప్రభుత్వ క్లియరెన్సు ఉండాలె. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేస్తరు. రెండేండ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. గుండె ఆగి చనిపోతే ఆ 10 లక్షలు రావు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇచ్చేటట్టు తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. రెండోసారి పోయేటప్పుడు బీమా గడువు ఎవరూ చూడరు. చూడండి.

ఇక్కడనే ఉంటే బాగుంటదా అంటే, అది కూడా తేలిక మాట కాదు. ఇంటి దగ్గరి నౌకరీ గట్టిదని అనుకుంటం. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డది. మళ్లీ కొత్తది 2021లో గాని నడువలేదు. కాగజ్‌నగర్ పేపరు మిల్లు 2014లో ఆగి 2018లో మొదలయింది. ఆ నడుమ కాలం కార్మికుల ఇండ్లల్లో ఎట్ల గడిచిందో వాళ్లనే అడగాలె. పసుపు కూడా అంతే. వేసినంక తొమ్మిది నెలలు ఆగాలె. ఆ తొమ్మిది నెలలు ఇల్లు దేని మీద నడవాలె? ఆ తమ్మునికి నేను ఈ ప్రశ్నే వేసిన. ఆయన భార్య దిక్కు చూసిండు.

ఆమె నోటుబుక్కు తీసింది. కేంద్రంలో మనం ఇచ్చిందే. పోయిన మూడు నెలల ఖర్చు అందులో రాసి ఉన్నది. బియ్యం, పిల్లల ఫీజు, అత్తమ్మ మందులు, సంఘం కిస్తు. “నెలకు ఎనిమిది వేలు తక్కువ కాదు. తొమ్మిది నెలలకు 72 వేలు. నీకు అక్కడ రావలసినవి 62 వేలు. నా బీడీల పైసలు కలిపితే ఎల్లుతది. గని అవి తెచ్చుకున్నంకనే పసుపు” అన్నది.

ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. “నోటీసు ఇస్తే కంపెనీ వాళ్లు సతాయిస్తరేమో” అంటున్నడు. సతాయించవచ్చు కూడా. అది ఆయనకే తెలుసు, అక్కడ ఉండేది ఆయన. సెలవు ఇంకా పన్నెండు రోజులున్నది. ఇద్దరూ రేపు ఇక్కడికి వస్తమన్నరు.

మీ ఇండ్లల్లో కూడా ఇట్లాంటి కాగితాలు ఉంటయి. పెట్టె అడుగున, పాస్‌పోర్టు కింద. రేపు రాత్రి వచ్చేటప్పుడు తెచ్చుకోండి. ఇంగ్లీషు మాటలు మేము చదువుతం. అంకెలు మీరే చదవండి. పలకలు మరువకండి.