ఏ దీపం వెలిగించాలి?

 

కదిలే వస్తువును కనిపెట్టడానికి సెన్సర్లు అనే సాధనాలను వాడతారు. అవి అనేకం ఉన్నప్పుడు ఏ క్షణాన దేనిని పనిచేయించాలి అన్నది ఈనాటి గణితంలో ఒక ముఖ్యమైన సమస్య. దానిని గురించి రెండు మాటలు మనవి చేస్తాను.

మన నరికుడి ప్రాంతపు మెట్టచేనును ఊహించుకోండి. రాత్రివేళ అడవిపంది పడింది. తూర్పుగట్టున పక్కపక్కన రెండు మంచెలు, దక్షిణాన ఒకటి. మంచెకొక కావలివాడు, చేతికొక బ్యాటరీలైటు. అందరూ తెల్లవార్లూ వెలిగిస్తే అర్ధరాత్రికే బ్యాటరీలు అయిపోతాయి. ఎవరూ వెలిగించకపోతే పైరు దక్కదు. తూర్పువానికి పంది ఉన్న దిక్కు తెలుస్తుందే గాని దూరం సరిగా తెలియదు. అతని పక్కవాడు చూచినా దాదాపు అదే గీత. దక్షిణపువాని చూపు ఆ గీతను ఖండిస్తుంది. పంది ఉన్న చోటు తేలుతుంది. కనుక మిగిలిన సందేహాన్ని ఎక్కువగా తీర్చే సాధనమే ఆ క్షణానికి ఉత్తమం. పంది కదిలిన కొలదీ ఎంపికా మారుతుంది.

వెలిగించకముందే ఏ దీపం ఎంత మేలు చేస్తుందో తెలిసేదెలా? ఇక్కడ సి.ఆర్.రావు గారిని స్మరించాలి. 1920లో, నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరారు. అక్కడ పాఠం చెబుతుండగా వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశారు. రావు గారు ఆ రాత్రే సమాధానం సాధించారు. 1945లో వెలువడిన ఆ ఫలితాన్ని, స్వతంత్రంగా కనుగొన్న స్వీడన్ పండితుని పేరు కూడా చేర్చి, క్రామర్–రావు అవధి అంటారు. ఎటూ మొగ్గని అంచనాలో సైతం పొరపాటు ఏ హద్దుకన్న తగ్గదో అది చెబుతుంది. సెన్సర్ల ఒక్కొక్క కూర్పుకూ ఈ హద్దును ముందే లెక్కగట్టి, విద్యుత్తు ఖర్చుతో సరిచూచి, తగినవాటినే పనిచేయించవచ్చు. ఇరవై సెన్సర్లలో ఐదింటిని ఎంచడానికే 15,504 మార్గాలున్నవి. అందుచేత ముందుగా అత్యంత ఉపయోగకరమైనదానిని, తరువాత దానికి ఎక్కువ మేలు చేకూర్చేదానిని, ఇలా ఒక్కొక్కటిగా ఎంచుకోవడం వాడుక.

ఉపాధ్యాయుల దృష్టి కూడా పరిమితమే. చెయ్యెత్తే బిడ్డనే మాటిమాటికీ అడిగితే మనకు తెలిసినదే మళ్ళీ తెలుస్తుంది. మౌనంగా కూర్చున్న బిడ్డకు ఎంత అర్థమైనదో అడిగినప్పుడే మన సందేహం తీరుతుంది. తోటి ఉపాధ్యాయులకు ఇదే నా మనవి.

విద్యార్థులారా! ఒక విద్యార్థి ప్రశ్న నుండి పుట్టిన ఫలితం ఎనభై ఏళ్ళుగా లోకానికి ఉపయోగపడుతున్నది. మీ సందేహాన్ని మన తెలుగులోనే, సంకోచం లేకుండా అడగండి.