పాత బ్యాగుకు పూల సొగసు



మొన్న బీరువా సర్దుతుంటే నా పాత గుడ్డ హ్యాండ్‌బ్యాగు బయటపడింది. కుట్లు గట్టిగానే ఉన్నాయి. ముందువైపు మాత్రం ఎంత ఉతికినా పోని కాఫీ మరక. పారేద్దామంటే మనసొప్పలేదు. మా అమ్మ పోయేముందు నాకు కొనిపెట్టిన ఆఖరి వస్తువది. అందుకని దానికి డెకుపాజ్ చేశాను. అంటే కాగితపు బొమ్మలు కత్తిరించి, అంటించి, పైన వార్నిష్ పూయడమన్నమాట. కత్తిరించడమనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది.

పూల బొమ్మలున్న కాగితపు నాప్‌కిన్ తీసుకోండి. దానికి రెండు మూడు పొరలుంటాయి. బొమ్మ ఉన్న పైపొర ఒక్కటే మనకు కావాలి. మొదటిసారి నేను పొరలు విడదీయకుండా అంటించి, మర్నాటికి పూలన్నీ ఊడొస్తే లబలబలాడాను!

ఆ పొర పల్చన కనుక అడుగున ఉన్నది పైకి కనిపిస్తుంది. మరక ఉన్నా, బ్యాగు ముదురు రంగుదైనా, బొమ్మ వచ్చే మేరకు ముందు తెల్ల ఆక్రిలిక్ రంగు వేసి ఆరనివ్వండి. తెల్ల జిగురులో కాసిని నీళ్లు కలిపి, మెత్తని బ్రష్షుతో రాసి, బొమ్మ పరచి, నడిమి నుంచి అంచులకు నెమ్మదిగా అద్దండి. తడి కాగితాన్ని రుద్దితే చిరుగుతుంది. బ్యాగు మడత పడేచోట అంటించకండి, పగుళ్లు వస్తాయి. ఒక రాత్రి ఆరాక, నీళ్లలో కలిసే రకం వార్నిష్ పల్చగా మూడుసార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి పూయండి. ఆ తర్వాత నీళ్లలో ముంచి ఉతక్కూడదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఆదివారం పేరంటానికి ఆ బ్యాగే పట్టుకెళ్లాను. “ఎక్కడ కొన్నారండీ?” అని అడిగారు. మా అమ్మ కొన్నదన్నాను. అబద్ధం కాదుగా! సెలవు.