సెట్టింగుకే పొద్దు పోతే
గుమాస్తాకు యంత్రాల ఊసెందుకని నవ్వకండి. బాలానగర్‌లో మా అబ్బాయి పెట్టిన మిల్లింగ్ షాపులో నా గ్రాట్యుటీ ఉంది!

జాబు మారినప్పుడల్లా వైసు విప్పి, ఫిక్చర్ బిగించి, డయల్‌తో సరిచూసేసరికి గంటన్నర. అంతసేపూ మిషను ఖాళీ. వడ్డీ మాత్రం ఆగదు.

జపాన్‌లో షిగియో షింగో 1969లో టయోటా వారి 1000 టన్నుల ప్రెస్సులో 4 గంటల డై మార్పిడిని ముందు 90 నిమిషాలకు, తరువాత 3 నిమిషాలకు దించాడు. మిషను నడుస్తుండగా చేయగలిగినవన్నీ బయటే ముగించడం కిటుకు. ఆఫీసరుగారు రాకముందే ఫైళ్ళకు ఫ్లాగులు పెట్టిన మనకిది కొత్తా?

మావాడు మిషను బల్లమీద జీరో పాయింట్ పలక బిగించేశాడు. జాబును బయటే వేరే పలకకు బిగించి తెస్తే, దాని అడుగు స్టడ్డులను క్లాంపులు ప్రతిసారీ అదే చోట పట్టేస్తాయి. రజను లేకుండా తుడవాలి సుమా! ఇప్పుడు 10 నిమిషాలు.

ఖరీదు విని మొదట వద్దన్నది నేనే.