కుర్చీ మనది, చుట్టూ మన మనుషులేరి?

(గెలిచిన దళిత మహిళా సర్పంచులు, వార్డు మెంబర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గెలిచిననాడు డప్పులు మోగినయి, దండలు వేసినారు. తెల్లారి పంచాయతీ ఆఫీసు మెట్లెక్కేసరికి మన వెంట ఎవరున్నారు? పెనిమిటి ఉన్నాడు, లేదంటే మనల్ని నిలబెట్టిన పటేలు ఉన్నాడు. సెక్రటరీ కాగితం తెచ్చి 'ఇక్కడ సంతకం పెట్టమ్మా' అంటాడు. ఊరంతా ఓటేసింది గానీ కష్టం చెప్పుకునేందుకు ఒక్కరు లేరని ఎంతమంది అక్కలు మాతోని ఏడ్చినారో!

మేము చెప్పేది ఒక్కటే. ఈ ఒంటరితనం మన పిరికితనం వల్ల రాలేదు, చదువు లేకపోవడం వల్లా రాలేదు. డిగ్రీ చదివి బడిలో పాఠం చెప్పే మాకూ స్టాఫ్ రూములో పక్క కుర్చీ దూరంగానే జరిగింది. దీన్ని పనిగట్టుకొని తయారుచేస్తున్నారు. ఎట్ల తయారుచేస్తున్నారో చూడాలె.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దళితులకు జనాభా లెక్కన, ఆడవాళ్లకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు దక్కినయి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో ఆడవాళ్ల వాటా సగం ఉంది. బాగుంది. కానీ రిజర్వేషన్ సర్పంచ్‌కు ఉంది, ఉప సర్పంచ్‌కు లేదు. ఆయనను వార్డు మెంబర్లు ఎన్నుకుంటారు. పోయిన పెత్తనం ఆ దారిన వెనక్కి వస్తది. అదే 2018 చట్టంలో చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకాలు పెట్టినారు. ఆయన పెన్ను మూత తీయకపోతే మన వాడ మోరీ పని ఆగుతది. బిల్లు రాదు, మేస్త్రీ తిడతాడు, మనవాళ్లే 'ఆమెతోని ఏమైతది' అంటారు. చూసినారా, ఎక్కడ పుట్టిన మాట ఎవరి నోట పలికిందో!

ఇంకో మాట, అన్నలకు కోపం వచ్చినా చెప్తాం. మన సంఘం మీటింగు కూడా రాత్రి తొమ్మిదింటికే పెడతారు. వంట, పిల్లలు, బర్రె పని చూసుకొని ఆమె వచ్చేసరికి తీర్మానం అయిపోయి ఉంటది. 1942 జూలైలో నాగపూర్‌లో దళిత మహిళల మహాసభకు సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత వహించింది. బాబాసాహెబ్ ఆ సభకు వచ్చి మాట్లాడినాడు. మన గడ్డ మీద ఈశ్వరీబాయి 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీలో కూర్చుంది. మరి ఇయ్యాల మన వాడలో ఎందుకు కష్టమైతుంది? 'సర్పంచ్ భర్త' అని ఫ్లెక్సీ కొట్టించుకునే అన్న జవాబు చెప్పాలె.

ఇగ ఏం చెయ్యాలె? ఆఫీసుకు ఒక్కరే పోవద్దు. మహిళా వార్డు మెంబర్లనో, సంఘం అక్కలనో తోలుకపోవాలె. చదవని కాగితం మీద సంతకం వద్దు. చదువు రాకపోతే వాడలో ఇంటర్ చదివే పిల్లతోని సెక్రటరీ ముందే గట్టిగా చదివించుకోవాలె. తీర్మానాల పుస్తకంలో ఖాళీ జాగా మిగిలితే గీత కొట్టించాలె. ఉప సర్పంచ్ సంతకం ఆపితే బతిమాలేది లేదు. తేదీ వేసి కాగితం రాసి ఎంపీడీవోకిచ్చి రసీదు తీసుకోవాలె.

దళిత సర్పంచ్‌ను, మెంబర్‌ను ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు బెదిరించినా, పని చెయ్యకుండా అడ్డుకున్నా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. సెక్షన్ 3(1)(ఎం). 2015 సవరణతో వచ్చి 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కులం పేరెత్తి తిడితేనే అని ఈ సెక్షన్‌లో లేదు. ఈ నంబరు కొంగున ముడేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం పక్క ఊరి సర్పంచమ్మ. మండల మీటింగులో మనవాళ్లు తలా ఒక మూల గోడవారకు కూర్చుంటున్నారు. ఒక వరుసలో కూర్చోండి. గంట ముందే వచ్చి బస్టాండు కాడ చాయ్ తాగుతూ ఏ ఊర్ల ఏ బిల్లు ఆగిందో చెప్పుకోండి. ఒకామె లేచి అడిగితే మిగతావాళ్లు 'మా ఊర్ల కూడా గట్లనే' అని లేవాలె. అప్పుడు ఆఫీసరు రాసుకోక తప్పదు.

వచ్చే తరగతికి తీర్మానాల నకళ్లు, ఆగిన బిల్లుల లెక్క పట్టుకొని రండి. ఆ రోజు పిల్లల్ని అన్నలు చూసుకుంటారు. జై భీమ్!