ఉరిశిక్ష – మన మనస్సులోని త్రాసు
(తలిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుడు గావించిన ప్రసంగము)



రాష్ట్రపతికి గల క్షమాభిక్షాధికారమును గూర్చి నేను పాఠము చెప్పుచుండగా, పదవ తరగతి బాలుడొకడు లేచి, "అయ్యా, ఉరిశిక్ష ఉండవలెనా, తీసివేయవలెనా?" అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఆ మౌనమునకు కారణమును మీకు విన్నవించుకొందును.

1993 మార్చి నెలలో చిలకలూరిపేట చెంత ఇద్దరు యువకులు దోపిడికై ఒక బస్సుకు నిప్పంటించిరి. 23 మంది ప్రయాణికులు దగ్ధమైరి. దోషులకు విధించిన ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు స్థిరపరచెను. వారు నిరుపేదలు, దళితులు. వారిని బ్రతుకనిండని దేశమున పెక్కుమంది వేడుకొనిరి. అప్పుడు నేను క్రొత్తగా కొలువులో చేరినవాడను. నేనును ఒక విజ్ఞాపనపై సంతకము చేసితిని. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ గారు ఆ శిక్షను యావజ్జీవముగా తగ్గింపగా సంతోషించితిని.

రెండవ బస్సు, మనము తరతరములుగా నివసించుచున్న ఈ తమిళనాట, ధర్మపురి చెంత, 2000 ఫిబ్రవరి 2వ తేదీన తగులబడినది. రాజకీయ నిరసనకారులు పెట్టిన నిప్పునకు, విద్యావిహారయాత్రకు వచ్చిన ముగ్గురు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ విద్యార్థినులు ఆహుతియైరి. ఆ దినములలో మన పిల్లలను యాత్రలకు తీసికొనిపోవువాడను నేనే. 2007లో ముగ్గురు దోషులకు మరణదండన విధించినపుడు "తగిన శాస్తి" అంటిని. గుంపు ఉద్రేకములో చేసిన పనియని 2016లో సుప్రీంకోర్టు దానిని యావజ్జీవముగా మార్చినపుడు నా మనస్సు నొచ్చినది.

ఇరువదిమూడు ప్రాణములు పోయినచోట దయ, మూడు ప్రాణములు పోయినచోట పగ! ఇది న్యాయమా? ఆ బాలికలు నా శిష్యురాండ్రవలె తోచిరి గనుక నా త్రాసు అటు మొగ్గినది.

అత్యంత అరుదైన నేరములకే మరణదండన తగునని 1980లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. కాని ఏది అరుదో తూచువాడును మనుష్యుడే. ధర్మపురి దోషుల ఉరిని 2010లో స్థిరపరచినదియు, 2016లో తొలగించినదియు ఆ న్యాయస్థానమే. నడుమ ఉరి తీసియుండినచో ఆ దిద్దుబాటునకు తావెక్కడ? 1949లో రాజ్యాంగ సభయందు డాక్టరు అంబేద్కరు గారు మరణశిక్ష రద్దునే తాము సమర్థింతుమనిరి. నా బుద్ధియు నేడు ఆ వైపునకే మొగ్గుచున్నది.

అయినను, కూతురిని కోల్పోయిన తల్లి యెదుట నిలిచి ఈ మాట చెప్పగలనా? చెప్పలేను. అది నా బలహీనతయో, మానవధర్మమో నాకు తెలియదు.

మరునాడు ఆ బాలునితో, "ఆ బస్సులో నీ చెల్లెలు ఉన్నదనుకొనుము, బోనులో నీ అన్న ఉన్నాడనుకొనుము. రెండును తలచుకొని తరువాత చెప్పుము" అంటిని. వాడు చాలసేపు మాటాడలేదు.

మీ యింట పిల్లలు వార్తలు చూచి "ఉరి తీయవలసినదే" అన్నపుడు, వారిని కసరకుడు, మెచ్చకుడు. ఈ రెండు ప్రశ్నలను కలిపి అడుగుడు. నా ప్రార్థన అంతియే.