గడ్డ కన్నా భయమే పెద్దది

నల్లగొండలో ఇంటర్ చదివే మా పాత విద్యార్థిని ఒకతె, రొమ్ములో గడ్డ తగిలితే ఆరు నెలలు అమ్మీకి కూడా చెప్పలేదు. పెళ్లి సంబంధాలు రావని భయం. చివరికి మాకు చెప్పింది. లేడీ డాక్టరుకు చూపించాం. స్కానింగ్, సూది పరీక్ష చేసి ఫైబ్రోఅడినోమా అన్నారు. 15 నుంచి 35 ఏళ్ల వారిలో ఎక్కువగా కనిపించే ఈ గడ్డ క్యాన్సర్ కాదు. నున్నగా, వేలికింద జారుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. చాలామందికి ఆపరేషన్ అక్కరలేదు, పెరుగుతోందా అని డాక్టరు చూస్తుంటే చాలు. అయితే తడిమి చూసి మనమే తేల్చుకోరాదు. ఏ గడ్డనైనా చూపించాల్సిందే. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మన ఆడపిల్లలకు కావలసింది బస్సు చార్జీలు, పరీక్షల ఖర్చు, తోడు వెళ్లే ఒక ఆపా. అవి మీరు సమకూర్చండి. వాళ్ల అమ్మీలతో మేము మాట్లాడతాం.