చేపల తొట్టిలో నీటిని వడకట్టి పురుగును ఆపుట
(పాల్వంచలో చేపల పెంపకందార్లకు ఇచ్చిన ప్రసంగ పాఠము)



కిన్నెరసాని జలాశయములో మొసళ్ళు ఉన్నవని మీకు నేను చెప్పనక్కరలేదు. మొసలి కంటికి కనబడును కనుక దానితో ఎట్లా మెలగవలెనో మీకు తెలుసు. చేపల తొట్లు, నర్సరీ కుంటలు పెట్టుకొన్నవారిని ముంచేది మొసలి కాదు, కంటికి ఆనని పురుగు. ఈ వేళ నేను మాట్లాడబోయేది దానిని గురించి. నీటిని సన్నగా వడకట్టి ఆ పురుగును ఎంతవరకు ఆపగలము, ఎక్కడ ఆపలేము అన్నదే నా విషయము.

మీలో పెద్దవారికి నారికురుపు జ్ఞాపకము ఉండే ఉంటుంది. కాలిలోనుండి తెల్లని దారమువంటి పురుగు బయటికి వచ్చుట, దానిని పుల్లకు చుట్టి రోజుకు కొంత చొప్పున లాగుట, ఆ మనిషి వ్యవసాయపు పనుల రోజులలో మంచము పట్టుట. ఆ పురుగు మనలోనికి వచ్చేది దిగుడు బావి నీటిలో ఉండే సైక్లాప్స్ అనే చిన్న నీటి జీవి ద్వారా. దానికి మందు లేదు, టీకా లేదు. నీటిని గుడ్డతో వడకట్టి తాగుడని ఊరూరా చెప్పారు. దిగుడు బావులు మూయించారు, బోర్లు వేయించారు, నీటిలో మందు కలిపారు. 1996 జులైలో రాజస్థానులో కనబడినదే మన దేశములో చివరి కేసు. 2000 సంవత్సరములో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఆ జబ్బు లేని దేశముగా ప్రకటించినది. గుడ్డ ఒక్కటే ఈ పని చేసినదని నేను అనను గాని, గుడ్డ లేకుండా జరిగేది కాదు.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. బంగ్లాదేశ్ పల్లెలలో చెరువు నీటిని పాత చీరను నాలుగు మడతలు వేసి వడకట్టించి చూచారు. 2003లో ప్రకటించిన ఫలితము ప్రకారము ఆ ఇండ్లలో కలరా దాదాపు సగమునకు తగ్గినది. కలరా క్రిమి చీర కన్నులకన్న చాల చిన్నది. అయినను అది నీటిలోని సూక్ష్మ జీవులను అంటిపెట్టుకొని ఉండును. ఆ జీవులను గుడ్డ ఆపినది. కొత్త చీరకన్న పాత చీర మేలు. ఉతికి ఉతికి నూలు పీచులేచి కన్నులు మూసుకొనును. నాలుగు మడతలలో కన్ను సుమారు 20 మైక్రాన్లకు వచ్చును. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక లావు సుమారు 70 మైక్రాన్లు ఉండును. ఈ లెక్క ఒకటి మనసులో పెట్టుకొంటే తక్కినదంతా తేలిక.

ఇక చేపల సంగతికి వద్దాము.

ఉప్పునీటి గాజు తొట్లలో రంగు చేపలు పెంచేవారికి పెద్ద శత్రువు సముద్రపు తెల్లమచ్చ జబ్బు. దానిని కలిగించేది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ జీవి. మన మంచినీటి చేపలకు వచ్చే తెల్లమచ్చకు కారణము ఇక్తియోఫ్తిరియస్ అనే మరొక జీవి. పేర్లు పలుకుటకు కష్టము, గుర్తుంచుకోనక్కరలేదు. నడవడి మాత్రము రెండింటిదీ ఒకటే. కావున సముద్రపు తొట్టెవారు నేర్చిన పాఠము మనకు ఊరికే దొరికినట్టు.

చేప ఒంటిమీద ఉప్పుగల్లువలె కనబడే మచ్చ ఆ పురుగు మేసి బలిసిన దశ. చర్మము కింద దాగి ఉండుటచే అప్పుడు నీటిలో వేసిన మందు దానికి అంటదు. బలిసిన తరువాత చేపను వదలి నేలకు జారి, తొట్టె అడుగున, గులకరాళ్ళమీద, గోడమీద అంటుకొని గట్టి పొర కట్టుకొనును. ఆ పొరలో ఒకటి రెండై, రెండు నాలుగై, వందలుగా చీలును. అవి పొర చీల్చుకొని ఈదుకొంటూ చేపను వెదకును. ఈ ఈదే పిల్ల 30 నుండి 50 మైక్రాన్లు మాత్రమే ఉండును. మంచినీటి దానికి మన ఎండలలో ఈ చుట్టు అంతా వారము లోపలే పూర్తి అగును. సముద్రపు దానికి పొరలో ఉండుటకే మూడు రోజులు మొదలు కొన్ని వారముల వరకు పట్టవచ్చును.

ఇందులో మనకు ఆయువుపట్టు ఏది? చేపమీద ఉన్నప్పుడు వడపోత దానిని ఏమీ చేయలేదు. అడుగున అంటుకొన్నప్పుడూ చేయలేదు. ఈదుచున్న పిల్ల ఒక్కటే వడపోతకు చిక్కును. చేప దొరకనిచో ఆ పిల్ల ఒకటి రెండు రోజులలో తనంతట తానే చచ్చును. దాని ఉరవడి అంతా మొదటి కొద్ది గంటలలోనే. ఆ గంటలలో నీటిని ఎంత వేగముగా వడకట్టగలము అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ నేను స్వయముగా చేసిన పొరపాటు చెప్పుకోవలెను. కొన్ని ఏండ్ల క్రిందట ఒక బడిలో పిల్లల కోసము గాజు తొట్టి పెట్టించాము. తెల్లమచ్చ వచ్చినది. మంచినీటి శుద్ధి యంత్రములలో వాడే తెల్లని దూది గొట్టము, 5 మైక్రాన్లది, తెచ్చి చిన్న పంపుకు బిగించాను. మరునాటికి నీరు అద్దమువలె మెరిసినది. నేను సంతోషించాను, ఉపాధ్యాయులు సంతోషించారు. వారము తిరిగేసరికి చేపలలో సగము చచ్చినవి. పిల్లలు వాటిని చెట్టు కింద పాతిపెట్టి, ‘సార్, నీళ్ళు మంచిగనే ఉన్నయి గదా’ అని అడిగారు. జవాబు నావద్ద లేకపోయినది.

తరువాత లెక్క వేసి చూస్తే తప్పు తెలిసినది. గొట్టము మంచిదే. పంపు తొట్టెడు నీటిని తోడుటకు నాలుగు గంటలు తీసుకొంటున్నది. పైగా తొట్టెడు నీరు తోడినంత మాత్రాన తొట్టి అంతా వడకట్టినట్టు కాదు. వడకట్టిన నీరు తిరిగి అదే తొట్టిలో పడి కలియును. పంపు మళ్ళీ ఆ కలిసిన నీటినే తోడును. 500 లీటర్ల తొట్టిలో 500 లీటర్లు తోడేసరికి ఇంకా సుమారు 185 లీటర్లు ఒక్కసారి కూడ వడపోతలోనికి పోనివే మిగులును. మరొక 500 తోడితే సుమారు 68 లీటర్లు, మూడవ మారు తోడితే సుమారు 25 లీటర్లు మిగులును. బియ్యము కడిగినట్టే, కుండలో నీరు ఒక్కసారి పోసి వంచితే తేట రాదు.

కావున 500 లీటర్ల తొట్టికి గంటకు 1500 లీటర్లు తోడే పంపు ఉంటేనే ఒక గంటలో చెప్పుకోదగిన పని జరుగును. పంపు పెట్టెమీద రాసిన అంకెను నమ్మవద్దు. అది వడపోత లేకుండా, ఎత్తు లేకుండా చెప్పిన అంకె. వడపోత బిగించిన తరువాత వచ్చే నీటి కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి గడియారము చూడుడు. 36 సెకన్లలో నిండితే గంటకు 1500 లీటర్లు. రెండు రోజుల తరువాత మళ్ళీ చూడుడు. 50 సెకన్లు పట్టితే గొట్టము పూడుకొన్నదని అర్థము.

పూడుకొనే సంగతి చిన్నది కాదు. సన్నని వడపోత త్వరగా నిండును, నిండినది మురుగును, మురిగిన దానిగుండా నీరు పోతే గాలి తగ్గి చేప నోరు తెరచి పైకి వచ్చును. అందుచేత నీరు ముందు నూలు గుడ్డలోనుండి, పిమ్మట దూది గొట్టములోనుండి పోవునట్లు అమర్చవలెను. గుడ్డ రోజూ మార్చవలెను. మార్చిన దానిని తొట్టిదగ్గర విదిలించకుండా దూరముగా ఉతికి ఎండలో బాగుగా ఎండబెట్టవలెను. ఆ పురుగు ఏ దశలోనూ ఎండకు ఆగదు. వడపోత ఎట్లున్నను గాలి బుడగల యంత్రము వేరుగా నడవవలెను.

సముద్రపు తొట్లవారు 5 మైక్రాన్లకన్న సన్నగా, డయాటమ్ మట్టి పూసిన వడపోతలు కూడ వాడుదురు. వారికి అమిలూడినియం అనే మరొక పురుగున్నది, దాని ఈదే పిల్ల సుమారు 12 మైక్రాన్లే. మన కోస్తాలోని రొయ్యపిల్లల కేంద్రములు సముద్రపు నీటిని మొదట ఇసుక వడపోతలలోను, తరువాత సన్నని గొట్టములలోను పంపి, ఆ పైన అతినీలలోహిత కాంతి చూపి వాడును. అంత ఏర్పాటు మన తొట్టికి అక్కరలేదు. మంచినీటి తెల్లమచ్చకు 5 నుండి 10 మైక్రాన్లు చాలును. నాలుగు మడతల పాత చీర లెక్కకు 20 మైక్రాన్లే గాని, పంపు తోపుడుకు మడతలు ఎడమగును. ఈ పురుగు శరీరము మెత్తన, నొక్కుకొని దూరగలదు. చీరను ముందు వడపోతగా వాడుడు.

నా తప్పులో రెండవ సగము అడుగు ఊడ్చకపోవుట. గులకరాళ్ళలో పొరకట్టిన పురుగు వేలకొలది ఈదే పిల్లలను వదలుచుంటే పైన నేను నీరు వడకడుతున్నాను. రోజూ ఉదయము సన్నని గొట్టముతో అడుగు మడ్డిని పీల్చి, పోయిన నీటికి కొత్త నీరు పోయవలెను. జబ్బు ఉన్నన్నాళ్ళు గులకరాళ్ళు తీసివేయుటే మేలు.

మూడవది, చేపల సంఖ్య. తొట్టిలో చేపలు కిక్కిరిసి ఉంటే ఈదే పిల్లకు పట్టుమని పది నిమిషాలు వెదకనక్కరలేకుండా చేప దొరకును. అప్పుడు మన పంపుకన్న చేపే ముందు దానిని ‘వడకట్టును’. సగము చేపలను వేరు చేయనిదే వడపోత గెలవదు. ఈ మాట చాలమందికి రుచించదు, తెలుసు.

డబ్బు తక్కువ ఉన్నవారికి నా సలహా వేరు. వడపోత కొనుటకన్న రెండవ తొట్టి కొనుడు. సముద్రపు తెల్లమచ్చకు మూడు రోజులకొకమారు, నాలుగు మార్లు చేపలను శుభ్రమైన పొడి తొట్టిలోనికి కొత్త నీటితో మార్చుదురు. జారిపడిన పురుగంతా పాత తొట్టిలో ఉండిపోవును, దానిని ఎండబెట్టుదురు. మంచినీటి పురుగు వేగముగా చీలును కనుక మనము రోజూ మార్చవలెను, వారము పాటు. కష్టమే గాని ఖర్చు లేదు. వలలు, బకెట్లు రెండు తొట్లకు వేరువేరుగా ఉంచవలెను. తడిచేతితో ఒక తొట్టినుండి మరొక తొట్టికి పోరాదు.

ఇక నర్సరీ కుంటలవారు. మీ కుంటను 5 మైక్రాన్లతో వడకట్టుట సాధ్యము కాదు, ఆ మాట ఎవరైనా అంటే నమ్మవద్దు. కాలువ నీరు కుంటలోనికి వచ్చే గొట్టమునకు 60 కన్నుల నైలాన్ సంచి కట్టుడు. కన్ను సుమారు 250 మైక్రాన్లు. తీరములో రొయ్యల రైతులు తెల్లమచ్చ వైరస్ మోసే పీతలను, చిల్లర రొయ్యలను ఆపుటకు ఇట్టి సంచినే కట్టుదురు. 1994లో ఆ జబ్బు ఆంధ్ర తీరమును ఎట్లు ఊడ్చినదో వారు మరువలేదు. మనకు ఈ సంచి కలుపు చేపల గుడ్లను, పెద్ద చేప పేనును, చాలవరకు సైక్లాప్సును ఆపును. తెల్లమచ్చ పిల్లను ఆపదు. సంచి మూడు మీటర్ల పొడవు ఉండవలెను. పొట్టి సంచి నీటి తోపుడుకు చిరుగును. చిరిగిన సంచి అసలు లేనిదానికన్న చెరుపు, ఏలననగా రైతు నిశ్చింతగా నిద్రపోవును.

చేప పేనుకు మరొక ఉపాయమున్నది. అది గుడ్లను నీటిలో వదలదు, గట్టి వస్తువునకు అంటించును. కుంటలో అక్కడక్కడ వెదురు తడకలు నిలిపి, వారమునకొకమారు తీసి, ఎండలో పరచి, వేరే తడకలు వేయుడు. ఈ ప్రాంతములో వెదురుకు కొదువ లేదు గదా. కొత్తగా తెచ్చిన పిల్లలను కుంటలో వదలుటకు ముందు వంద లీటర్ల నీటికి 2 నుండి 3 కిలోల ఉప్పు కలిపి కొద్ది నిమిషములు ముంచి తీయుడు. దగ్గరే నిలబడి చూడవలెను. చేప పక్కకు ఒరగగానే తీసి మంచినీటిలో వేయవలెను. అప్పుడు బీడీ ముట్టించుకొనుటకు పోరాదు.

మొన్న ఒక పెద్దాయన నన్ను అడిగారు, ‘అయ్యా, గుడ్డతో అన్ని రోగాలూ ఆగుతయా’ అని. ఆగవు. రొయ్యలలో ఇ.హెచ్.పి. అనే పరాన్నజీవి ఉన్నది. దాని బీజము ఒకటిన్నర మైక్రాను కూడ ఉండదు. ఏ చీరా దానిని పట్టదు. దానికి తెచ్చే పిల్లను పరీక్ష చేయించుట, కుంటను ఎండగట్టుట తప్ప దారి లేదు.

వెలుపల వేపచెట్టు కింద రెండు తొట్లు, ఒక పంపు ఏర్పాటు చేసినాము. ఒక దానిలో వడపోత పూడుకొన్నది, రెండవ దానిలో కొత్తది. ఏది ఏదో చెప్పము. బకెట్టు, గడియారము అక్కడే ఉన్నవి. మీరే కొలిచి చెప్పవలెను. ఇంటినుండి పాత చీర ముక్కలు తెమ్మని కబురు పంపినాము గదా, తెచ్చినవారు ముందు రండి.